రాత్రిపూట కళ్లలో పొడిచే ఎల్‌ఈడీ బోర్డు: వెలుగు తగ్గించడంలో అసలు చిక్కు ఎక్కడుంది?

ఎండలో కనపడాలని కొన్న బోర్డు రాత్రి తొమ్మిదయ్యేసరికి వీధి మొత్తాన్ని ఎర్రగా చేసేస్తుంది. పామూరు లాంటి ఊళ్లకు ఇది చిన్న విషయమేమీ కాదు. మైదుకూరు నుంచి సింగరాయకొండ పోయే 167బి జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. ఊరు దాటితే పొలాలు, బీళ్లు, చీకటి. ఆ చీకట్లో పది పదిహేను కిలోమీటర్లు వచ్చిన బైకు మనిషికి ఊళ్లోకి అడుగు పెట్టగానే ఎదురయ్యేది మెడికల్ షాపు బోర్డో, మొబైల్ షాపు బోర్డో, బిర్యానీ పాయింట్ ముందు పరుగెత్తే అక్షరాలో. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. కళ్లు చెదిరి సర్దుకునే మూడు సెకన్లలో 40 మీటర్లకు పైనే. ఆ 40 మీటర్లలో రోడ్డు వార నడిచే ముసలాయన ఉండొచ్చు, అడ్డంగా పడుకున్న గేదె ఉండొచ్చు.

శుక్లాలు మొదలైన కళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. మబ్బు పట్టిన కటకంలో వెలుగు చెదిరిపోయి, బోర్డు చుట్టూ పొగలా కమ్ముకుంటుంది. చీకటికి అలవాటు పడిన కన్ను ఒకసారి ఆ అలవాటు పోగొట్టుకుంటే మళ్లీ పూర్తిగా తేరుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

మస్జిదుల్లో నమాజ్ టైమింగ్స్ చూపించే డిజిటల్ బోర్డులది ఇంకో రకం ఇబ్బంది. జొహర్ వేళ కిటికీల్లోంచి పడే వెలుతురులో అంకెలు సరిగ్గా కనపడతాయి. అదే బోర్డు ఫజర్‌కు ముందు, ఒకటి రెండు లైట్లు మాత్రమే వేసిన హాలులో, ముందు సఫ్‌లో కూర్చున్నవాళ్ల మొహాల మీద ఎర్రగా పడుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద బోర్డు ఒక్కటే వెలుగుతుంటే మరీనూ.

మరి తగ్గించుకుంటే పోలా? నిజానికి తగ్గించి చూసినవాళ్లే ఎక్కువ. అయితే తగ్గించాక వచ్చే ఫిర్యాదులు వేరు. "ఒక మెట్టు తగ్గిస్తే ఇంకా గుచ్చుకుంటోంది, ఇంకో మెట్టు తగ్గిస్తే ఆరిపోతోంది" అంటారు ఒకరు. "తగ్గించాక కదులుతున్నట్టు, వణుకుతున్నట్టు ఉంది" అంటారు ఇంకొకరు. కలర్ బోర్డులైతే తెల్ల అక్షరాలు ఎర్రబడతాయి, తెలుగు ఒత్తులు మాయమవుతాయి. ఎల్‌ఈడీని బాగా వెలిగించడం తేలిక. మెల్లగా, నిలకడగా, సన్నగా వెలిగించడమే కష్టం.

కన్ను లెక్క వేరు, చిప్పు లెక్క వేరు

మిట్ట మధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్. పున్నమి వెన్నెల పావు లక్స్‌కు అటూ ఇటూ. ఈ రెండింటి మధ్య తేడా కొన్ని లక్షల రెట్లు. అయినా మనిషి రెండింట్లోనూ నడవగలడు, మనుషుల్ని గుర్తుపట్టగలడు. కన్ను వెలుగును కూడికల లెక్కలో చూడదు కాబట్టే ఇది సాధ్యం. అది చూసేది ఎన్ని రెట్లు పెరిగింది, ఎన్ని రెట్లు తగ్గింది అని. చీకటి గదిలో ఒక దీపం పక్కన రెండో దీపం పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పెళ్లి పందిట్లో వంద దీపాల పక్కన ఇంకొకటి పెడితే ఎవరికీ తెలీదు.

చిప్పుకు ఇవేవీ తెలియవు. ఎక్కువ బోర్డుల్లో వెలుగు 0 నుంచి 255 దాకా 256 మెట్లుగా ఉంటుంది. ప్రతి మెట్టూ సమానం. 254 నుంచి 255కు పోతే పెరిగేది నూటికి అర శాతం కూడా కాదు, కన్ను పట్టుకోలేదు. 1 నుంచి 2కు పోతే మాత్రం వెలుగు రెట్టింపు. 2 నుంచి 3కు పోతే ఒకటిన్నర రెట్లు. పై మెట్లన్నీ దండగ, కింది మెట్లేమో కొండ ఎక్కినట్టు. రాత్రి మనకు కావలసింది ఆ కింది మెట్లే.

ప్రపంచమంతా వాడే ఒక సూత్రం ఉంది. వెలుగు కొలతల అంతర్జాతీయ సంఘం, సీఐఈ, 1976లో ఖాయం చేసిన లైట్‌నెస్ లెక్క అది. కంటికి కనిపించే వెలుగును 0 నుంచి 100 దాకా తీసుకుంటే, దానికి 16 కలిపి, 116తో భాగించి, వచ్చినదానికి ఘనం కడితే అసలు వెలుగు ఎంత ఇవ్వాలో వస్తుంది. కంటి లెక్క 8 కంటే కిందికి పోతే మాత్రం నేరుగా 903.3తో భాగిస్తే చాలు. ఈ లెక్క వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. కంటికి "సగం" అనిపించాలంటే అసలు వెలుగు 18 శాతమే ఉండాలి. కంటికి పదో వంతు అనిపించాలంటే 1.1 శాతం. 255 మెట్ల లెక్కలో ఆ 1.1 శాతం ఎక్కడ పడుతుంది? మూడో మెట్టు కూడా దాటదు. అంటే రాత్రికి పనికొచ్చే వెలుగంతా రెండు మూడు మెట్లలో ఇరుక్కుని ఉంది. బోర్డు గుచ్చుకోవడానికీ ఆరిపోవడానికీ మధ్య చోటు ఎందుకు లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

అదే పదో వంతు వెలుగును 12 బిట్లలో, అంటే 4096 మెట్లలో చూస్తే 46 మెట్లు దొరుకుతాయి. 16 బిట్లలో అయితే 700 పైచిలుకు.

ఎస్‌ఎంపీఎస్ స్క్రూ తిప్పడం పరిష్కారం కాదు

ఎల్‌ఈడీ వెలుగు తగ్గించడానికి దారులు రెండే. దానిలో పారే కరెంటు తగ్గించడం ఒకటి. కరెంటు అంతే ఉంచి, సెకనుకు కొన్ని వందల సార్లు వెలిగించి ఆర్పుతూ, వెలిగే సమయం తగ్గించడం రెండోది. దీన్నే పల్స్ విడ్త్ మాడ్యులేషన్, పొట్టిగా పీడబ్ల్యూఎం అంటారు. కన్ను ఆ మిణుకులను కలిపేసుకుని సగటు వెలుగును చూస్తుంది.

మన వైపు బోర్డులు చేసేవాళ్లలో కొందరు మూడో దారి పడతారు. పవర్ సప్లై పక్కనుండే చిన్న స్క్రూ తిప్పి 5 వోల్టులను 4కు దించుతారు. లెక్క చూడండి. ఎరుపు ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడి కరెంటును నిర్ణయిస్తాయి. 4 వోల్టులకు దించితే మిగిలేది 2. కరెంటు మూడో వంతు తగ్గింది. కంటి లెక్కలో 100 ఉన్నది 85 అయింది, అంతే. గుచ్చుకునేది గుచ్చుకుంటూనే ఉంటుంది. పైగా బోర్డు చివరి మాడ్యూళ్లకు వైర్లలో ఇంకాస్త వోల్టేజీ పోతుంది. అక్కడి చిప్పులు తడబడి చెత్త అక్షరాలు చూపిస్తాయి. నీలం, ఆకుపచ్చ, తెలుపు ఎల్‌ఈడీలు సుమారు 3 వోల్టులవి కాబట్టి వాటి కరెంటు సగానికి పడిపోతుంది, రంగుల పొత్తు చెడుతుంది. స్క్రూ తిప్పి ఎవరూ ఏమీ బావుకోలేదు.

కరెంటు తగ్గించడం మొత్తం మీద తప్పు దారి అని కాదు. దాన్ని డ్రైవర్ చిప్పు చేతికి వదిలి, పీడబ్ల్యూఎంతో కలిపి వాడితే రెండింటి లాభమూ దక్కుతుంది. ఆ ముచ్చట కింద చిన్న గడియారాల దగ్గర వస్తుంది.

పీ10 బోర్డు లోపల ఏం జరుగుతోంది

షాపుల ముందు పరుగెత్తే ఒకే రంగు అక్షరాల బోర్డులు చాలావరకు పీ10 మాడ్యూళ్లతో చేసినవే. చుక్కకూ చుక్కకూ 10 మిల్లీమీటర్ల దూరం కాబట్టి ఆ పేరు. ఒక మాడ్యూల్‌లో అడ్డంగా 32, నిలువుగా 16, మొత్తం 512 చుక్కలు. ఇవన్నీ ఒకేసారి వెలగవు. నాలుగు వంతులుగా, ఒక వంతు తరవాత ఒక వంతు వెలుగుతాయి. ఒక్కో వంతులో 128 చుక్కలు. మాడ్యూల్ వెనక వరసగా కనిపించే 16 షిఫ్ట్ రిజిస్టర్ చిప్పులు ఆ 128 చుక్కల కోసమే, చిప్పుకు ఎనిమిది చొప్పున. వాటి పేరు 74హెచ్‌సీ595. ఏ వంతు వెలగాలో చెప్పేది 74హెచ్‌సీ138. వంతుకు కరెంటు ఇచ్చేవి 4953 అనే మాస్‌ఫెట్లు.

వెలుగు అదుపు చేసే తాళం చెవి కనెక్టర్‌లోని ఓఈ పిన్ను. అది ఆపితే బోర్డంతా ఆరుతుంది, వదిలితే వెలుగుతుంది. అక్షరాలను ముట్టుకోకుండా వెలుగు ఒక్కదాన్నే తగ్గించాలంటే పని చేయాల్సింది ఈ పిన్ను దగ్గరే.

ఇక్కడ ఆర్డుయినోతో బోర్డులు చేసే కుర్రాళ్లు తరచూ పడే గోతి ఒకటుంది. పీ10కు అందరూ వాడే డీఎండీ లైబ్రరీ ఉదాహరణల్లో ప్రతి 5 మిల్లీ సెకన్లకు ఒక వంతు మారుతుంది. నాలుగు వంతులకు 20 మిల్లీ సెకన్లు, అంటే బోర్డు సెకనుకు 50 సార్లు పూర్తిగా వెలుగుతుంది. ఇది అసలే అంచుమీద ఉంది. దీనికి తోడు వెలుగు తగ్గించాలని ఆర్డుయినోలోని మామూలు అనలాగ్ రైట్‌ను ఓఈ పిన్నుకు తగిలిస్తారు. అది సెకనుకు సుమారు 490 సార్లు కొట్టుకుంటుంది, అంటే దాదాపు 2 మిల్లీ సెకన్లకు ఒకసారి. ఒక వంతు వెలిగే 5 మిల్లీ సెకన్లలో ఆ కొట్టుకోవడం రెండున్నర సార్లు పడుతుంది. అరసారి అంటూ ఉండదు కాబట్టి ఒక వరసకు రెండు మిణుకులు, పక్క వరసకు మూడు. మరుసటి సారికి తారుమారు. పగలు పూర్తి వెలుగులో ఇది తెలియదు. బాగా తగ్గించినప్పుడు ఒక వరస ఇంకోదానికంటే ఒకటిన్నర రెట్లు వెలిగి, అక్షరాల మీద చారలు పాకుతాయి. "తగ్గిస్తే వణుకుతోంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. మాడ్యూల్ పాడైందనుకుని మార్చి డబ్బులు పోగొట్టుకుంటారు.

మందు ఖరీదైనదేం కాదు. వంతు మారడమూ, ఓఈ వెలగడమూ ఒకే టైమర్‌కు కట్టేయాలి. వంతు మార్చు, ఓఈ వదులు, ఇన్ని మైక్రో సెకన్లు లెక్కపెట్టు, ఓఈ ఆపు, తరవాతి వంతుకు పో. అప్పుడు ప్రతి వరసకూ ఒకే ఒక్క మిణుకు, ఒకే పొడవు. వంతు సమయాన్ని 5 నుంచి 1 మిల్లీ సెకనుకు దించితే బోర్డు సెకనుకు 250 సార్లు వెలుగుతుంది. నాలుగు మాడ్యూళ్ల బోర్డుకు ఒక వంతులో పంపాల్సినవి 512 బిట్లు. 4 మెగాహెర్ట్జ్ వేగంతో అవి 128 మైక్రో సెకన్లలో పోతాయి, సమయం సరిపోతుంది.

ఇప్పుడు కంటి లెక్కను ఇందులో కలపాలి. 1000 మైక్రో సెకన్ల వంతులో పూర్తి వెలుగుకు మొత్తం 1000. కంటికి ముప్పావు వంతు అనిపించడానికి 483. సగానికి 184. పావు వంతుకు 44. పదో వంతుకు 11. అయిదు శాతానికి అయిదున్నర మైక్రో సెకన్లు. 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ఒక మైక్రో సెకనులో 16 వరకు లెక్కపెట్టగలదు కాబట్టి అయిదున్నరలో కూడా 88 మెట్లున్నాయి. 256 మెట్ల బోర్డు అనుకున్నదే ఇంత మెత్తగా దిగుతుంది. చవక మాడ్యూల్‌కు ఈ సత్తా మొదట్నుంచీ ఉంది, వాడుకోవడమే రాలేదు.

అడుగున ఒక హద్దు మాత్రం ఉంది. మాస్‌ఫెట్లు తెరుచుకోవడానికి, మూసుకోవడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఒకటి రెండు మైక్రో సెకన్ల కంటే పొట్టి మిణుకులో కొన్ని చుక్కలు సరిగ్గా వెలగవు, ఒక్కో మాడ్యూల్ ఒక్కోలా కనపడుతుంది. 2 మైక్రో సెకన్లను అడుగుగా పెట్టుకోవడం మేలు. కంటి లెక్కలో అది రెండు శాతంలోపే, ఎంత చీకటికైనా చాలు.

దయ్యపు చుక్కల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆరిపోయిన వరస తీగలో ఇంకా కాస్త కరెంటు మిగిలి ఉండగానే తరవాతి వరస అక్షరాలు వచ్చేస్తే, వెలగకూడని చుక్కలు మసకగా వెలుగుతాయి. పగటి వెలుగులో ఆ మసక కనపడదు. అసలు అక్షరమే మసకగా ఉన్నప్పుడు దయ్యమూ అక్షరమూ సమానమైపోతాయి. ఓఈ ఆపిన వెంటనే వంతు మార్చకుండా కొన్ని మైక్రో సెకన్లు చీకటిగా వదిలేస్తే ఇది చాలావరకు పోతుంది.

మిణుకుల వేగం గురించి ఒక మాట. సెకనుకు 250 సార్లంటే నేరుగా చూస్తే కన్ను పట్టుకోదు. కానీ బండి మీద పోతూ చూపు పక్కకు తిప్పినప్పుడు బోర్డు చుక్కలు చుక్కలుగా విడిపోయి గీతలా కనపడొచ్చు. ఎల్‌ఈడీ మిణుకుల మీద ఐఈఈఈ 2015లో ఇచ్చిన 1789 మార్గదర్శకం ప్రకారం, పూర్తిగా ఆరి వెలిగే దీపానికి సెకనుకు 1250 సార్లు దాటితే ఇబ్బంది తక్కువ, 3000 దాటితే ఏమీ ఉండదు. గదిలో గంటలు గంటలు చూసే దీపానికి ఆ లెక్క పట్టుకోవాలి. వీధి బోర్డుకు అంత వేగం అందకపోయినా, 50 దగ్గర వదిలేయడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు.

చిన్న గడియారాల తంటా

నమాజ్ టైమింగ్స్ బోర్డులు, టోకెన్ నంబర్ల బోర్డులు, గడియారాల్లో చాలావాటికి లోపల ఉండేది రెండు చిప్పుల్లో ఒకటి. మ్యాక్స్ 7219, లేదా టీఎం 1637. ఇవి వెలుగు అదుపును తమలోనే పెట్టుకుని వస్తాయి. సుఖం అదే, కష్టమూ అదే.

మ్యాక్స్ 7219లో 16 మెట్లు. అన్నిటికంటే కింది మెట్టులో అంకె ముప్పై రెండో వంతు సమయం వెలుగుతుంది, పై మెట్టులో 32లో 31 వంతులు. ముప్పై రెండో వంతు అంటే చాలా తక్కువే అనిపిస్తుంది. కంటి లెక్క వేస్తే 21 వస్తుంది. ఎంత తగ్గించినా కంటికి అయిదో వంతు వెలుగు ఉండిపోతుందన్నమాట. టీఎం 1637 ఇంకా మొండిది. ఎనిమిదే మెట్లు, కిందిది 16లో 1 వంతు, పైది 14 వంతులు. దాని కనిష్ఠ వెలుగు కంటికి దాదాపు మూడో వంతు. ఫజర్ వేళ గుచ్చుకోక ఏం చేస్తుంది?

మ్యాక్స్ 7219కు మంచి తరుణోపాయం ఉంది. అంకెల కరెంటును నిర్ణయించేది బయట పెట్టే ఒక్క రెసిస్టర్. మాడ్యూళ్లలో మామూలుగా 10 కిలో ఓమ్‌లు ఉంటుంది, దానితో ఒక్కో గీతకు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 50, 60 కిలో ఓమ్‌ల దగ్గరకు పెంచితే 10 మిల్లీ ఆంపియర్ల దాకా దిగుతుంది. కరెంటు నాలుగో వంతు అయింది కాబట్టి కంటి లెక్కలో అడుగు మెట్టు 21 నుంచి 7కు వస్తుంది. మస్జిదు హాలులో గోడకున్న బోర్డుకు ఎండ తగలదు కాబట్టి పగలు కూడా 10 మిల్లీ ఆంపియర్ల గరిష్ఠ వెలుగు చాలాచోట్ల సరిపోతుంది. చాలకపోతే రెండు రెసిస్టర్లు పెట్టి, పగలు ఒకటి, రాత్రి ఒకటి పని చేసేలా ట్రాన్సిస్టర్‌తో మార్చుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఆ రెసిస్టర్ విలువ 9.53 కిలో ఓమ్‌ల కంటే తగ్గకూడదు, చిప్పు కాలిపోయే ప్రమాదం ఉంది. తిప్పుడు రెసిస్టర్ పెట్టేటట్టయితే దానికి వరసలో 10 కిలో ఓమ్‌లది తప్పకుండా ఉంచాలి.

టీఎం 1637కు ఇలాంటి రెసిస్టర్ లేదు. దానికి నాటు మందే దిక్కు: అంకెల ముందు ముదురు రంగు అక్రిలిక్ షీటు. ఎరుపు అంకెలకు ముదురు ఎరుపు షీటు పెడితే బయటి వెలుతురు తిరిగి కొట్టడం తగ్గి, అంకె పగలు కూడా బాగా తేలుతుంది. పాత ఎలక్ట్రానిక్ గడియారాల ముందు ఎర్ర అద్దం ఎందుకుండేదో చాలామంది మరిచిపోయారు.

కలర్ బోర్డుల్లో ఒత్తులు ఎందుకు మాయమవుతాయి

ఆర్‌జీబీ బోర్డుల్లో తెలుగు, ఉర్దూ అక్షరాలు అందంగా రావడానికి అంచుల్లో మసక చుక్కలు వేస్తారు. అక్షరం నడుమ 255 వెలుగు ఉంటే అంచులో 120, 60, 20 లాంటివి. "ష్ట్ర" లాంటి అక్షరం కింద ఒత్తులు, నస్తాలిఖ్‌లో సన్నగా సాగే గీతలు దాదాపు మొత్తంగా ఈ మసక చుక్కల మీదే బతుకుతాయి. వెలుగు తగ్గించడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రతి చుక్క విలువను అదే నిష్పత్తిలో తగ్గిస్తాయి. 5 శాతానికి తగ్గిస్తే 255 కాస్తా 12 అవుతుంది, 60 కాస్తా 3, 20 కాస్తా 1. అంచు మెత్తదనమంతా రెండు మూడు మెట్లలోకి నలిగిపోయి, సన్న గీతలు సున్నా అవుతాయి. దూరం నుంచి చూసేవాడికి ఒత్తు లేని అక్షరం కనపడుతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు ఈ దెబ్బ పెద్దగా తగలదు. అందుకే బోర్డు అమ్మేచోట పరీక్షించినప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది. చుక్కల విలువలు ముట్టుకోకుండా ఓఈ ద్వారానో, డ్రైవర్ చిప్పు మొత్తం కరెంటు ద్వారానో తగ్గిస్తే అక్షరం ఆకారం చెడదు.

రంగు మారడానికి కారణం వేరు. ఎల్‌ఈడీలోనూ తీగల్లోనూ కాస్త విద్యుత్తు నిలవ ఉంటుంది. మిణుకు మొదలైనప్పుడు ముందు ఆ గుంట నిండాలి, తరవాతే వెలుగు. ఎరుపుకు 2 వోల్టుల దాకా నిండితే చాలు, ఆకుపచ్చ నీలాలకు 3 కావాలి. మిణుకు పొడవుగా ఉంటే ఈ ఆలస్యం లెక్కలోకి రాదు. బాగా పొట్టిదైతే ఎరుపు వెలిగేసరికి మిగతా రెండూ ఇంకా గుంట నింపుకుంటూ ఉంటాయి, తెలుపు ఎర్రబడుతుంది. కొత్త తరం డ్రైవర్ చిప్పులు దీనికి ముందుగానే గుంట నింపి పెట్టే ఏర్పాటుతో వస్తున్నాయి. తైవాన్ కంపెనీ మాక్రోబ్లాక్ చేసే ఎంబీఐ 5153 అలాంటిది. పొడవాటి మిణుకును చిన్న చిన్న ముక్కలుగా చెదరగొట్టి వణుకు తగ్గించే పద్ధతి కూడా అందులో ఉంది. పెద్ద స్క్రీన్ కొనేవాళ్లు అడగాల్సింది గరిష్ఠ వెలుగు ఎంత అని కాదు. అది అందరూ చెప్తారు. పది శాతం వెలుగులో తెలుపు తెల్లగానే ఉందా, చూపించమనాలి.

సెన్సార్ పెట్టినా కుదరని బోర్డులు

ఎల్‌డీఆర్ చవకది, చాలామంది పెడతారు. దానికి జతగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం అలవాటు. జీఎల్ 5528 రకం ఎల్‌డీఆర్ 10 లక్స్‌లో 10 నుంచి 20 కిలో ఓమ్‌లు, గాఢమైన చీకట్లో 1 మెగా ఓమ్ దాకా పోతుంది. 10 కిలో ఓమ్‌ల జతతో గాఢ చీకట్లో ఆర్డుయినో చదివే అంకె 1023లో సుమారు 10. అంటే మనకు ముఖ్యమైన చీకటి అంతా అడుగున ఇరుక్కుంది. జత రెసిస్టర్‌ను 100 కిలో ఓమ్‌లు చేస్తే అదే చీకటికి 93 వస్తుంది, 10 లక్స్‌కు దాదాపు 890. ఎండలో సెన్సార్ నిండిపోతుంది, నిండనివ్వండి. ఎండలో ఎలాగూ పూర్తి వెలుగే కావాలి. కొంచెం డబ్బు పెట్టగలిగితే బీహెచ్ 1750 నేరుగా లక్స్‌లో చెప్తుంది.

సెన్సార్ తన బోర్డు వెలుగునే చూసి మోసపోవడం ఇంకో జబ్బు. చీకటైందని వెలుగు తగ్గిస్తుంది, తగ్గగానే ఇంకా చీకటైందనుకుంటుంది. లేదా ఎదుటి గోడ మీద పడ్డ తన వెలుగును చూసి పగలైందనుకుని పెంచుతుంది. బోర్డు ఊపిరి పీలుస్తున్నట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఓఈ ఆపి ఉన్న క్షణంలో చదివితే తన వెలుగు లెక్కలోకి రాదు. అయితే ఎల్‌డీఆర్ స్పందించడానికే కొన్ని పదుల మిల్లీ సెకన్లు తీసుకునే మందకొడి వస్తువు, అంత వేగంగా చదవలేదు. దానికి చిన్న పైపు ముక్క తొడిగి ఆకాశం వైపు తిప్పడమే మేలు. లారీ హెడ్‌లైట్ పడ్డప్పుడల్లా బోర్డు ఎగిరిపడకుండా అర నిమిషం సగటు తీసుకోవాలి. పెరిగినా తగ్గినా రెండు మూడు సెకన్లలో మెల్లగా జరగాలి. మార్కాపురం, పామూరు వైపు ఎండాకాలపు దుమ్ముకు సెన్సార్ మీద పొర పడి నెల తిరిగేసరికి పగలే సాయంత్రం అనుకుంటుంది. బోర్డు తుడిచేటప్పుడు దాన్నీ తుడవాలి.

మగ్రిబ్ టైము తెలిసిన బోర్డుకు సెన్సార్ దేనికి?

చవక కంట్రోలర్ కార్డుల యాప్‌లో గడియారం ప్రకారం వెలుగు మార్చే సదుపాయం ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు తగ్గించు, పొద్దున ఆరుకు పెంచు అని పెట్టేస్తారు. పామూరు ఉన్న అక్షాంశంలో సూర్యాస్తమయం నవంబరుకూ జులైకూ గంటకు పైగా అటూ ఇటూ అవుతుంది. నవంబరులో ఆరున్నర అంటే అప్పటికే చీకటి పడి అరగంట దాటింది. జులైలో అదే ఆరున్నరకు ఇంకా వెలుతురు ఉంటుంది.

నమాజ్ టైమింగ్స్ బోర్డు ఈ విషయంలో మిగతా అన్ని బోర్డుల కంటే తెలివైనది, కానీ దాని తెలివిని ఎవరూ వాడటం లేదు. ఏడాది పొడవునా రోజు రోజుకూ మగ్రిబ్ ఎప్పుడో, సూర్యోదయం ఎప్పుడో దాని మెమరీలో ఉండనే ఉంది. మగ్రిబ్ అయిన అరగంటకు మెల్లగా దించడం, సూర్యోదయానికి కాస్త ముందు నుంచి పెంచడం అనే నాలుగు లైన్ల ప్రోగ్రాం కలిపితే చాలు. సెన్సార్ అక్కర్లేదు, దుమ్ము బెడద లేదు. గడియారం చిప్పు డీఎస్ 3231 అయితే ఏడాదికి నిమిషం అటూ ఇటూ కంటే తప్పు పోదు. గుడి, చర్చి బోర్డులకూ, షాపు బోర్డులకూ ఆ పట్టికే పనికొస్తుంది.

రంగు ఎంపిక కూడా రాత్రికి లెక్కలోకి తీసుకోవాలి. కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చూపించాడు. గట్టిగా వెలిగే నీలం 1990ల్లో గానీ రాలేదు, దాని కోసం కష్టపడ్డ అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ దక్కింది. నీలం వచ్చాకే తెల్ల బోర్డులు వచ్చాయి. అయితే చీకటికి అలవాటు పడిన కన్నును ఎరుపు అన్నిటికంటే తక్కువ చెడగొడుతుంది, నీలం తెలుపులు ఎక్కువ చెడగొడతాయి. రాత్రంతా వెలగాల్సిన బోర్డు అయితే పాత ఎర్ర పీ10నే ఉంచుకోవడంలో తప్పులేదు. నల్ల నేపథ్యం మీద అక్షరాలు వేయడం, నేపథ్యమంతా వెలిగించి అక్షరాలు నల్లగా వదిలే డిజైన్లు రాత్రికి మానుకోవడం పైసా ఖర్చు లేని పనులు. ఒక పీ10 మాడ్యూల్ చుక్కలన్నీ వెలిగితే 15 నుంచి 20 వాట్లు తింటుంది. తగ్గించిన ప్రతి మెట్టూ కరెంటు బిల్లులోనూ, పవర్ సప్లై వేడిలోనూ తెలుస్తుంది.

సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే రాత్రి పూట చేయాలి, షాపు లోపల నిలబడి కాదు. పది నిమిషాలు చీకట్లో ఉండి, రోడ్డు మీద 30 మీటర్ల దూరం నుంచి చూడాలి. అక్షరాల అంచులు విడివిడిగా కనపడాలి, బోర్డు పక్క గోడ మీద ఏముందో కూడా కనపడాలి. గోడ నల్లగా మాయమై అక్షరాలు ఉబ్బినట్టుంటే వెలుగు ఇంకా ఎక్కువే. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో నమ్మకూడదు, అది తన వెలుగు తనే సర్దుకుంటుంది. వీడియోలో నల్లటి చారలు పాకుతూ కనిపిస్తే మాత్రం మిణుకుల వేగం తక్కువగా ఉందని అర్థం, టైమర్ దగ్గర మళ్లీ పని పడినట్టే. ఆ రాత్రి దారిన పోయే అరవై దాటిన మనిషి ఎవరినైనా ఆపి ఒకసారి చదవమనండి. కుర్ర కళ్లకు బాగున్న బోర్డు ఆయనకు పొగలా కనపడితే ఇంకో మెట్టు దించాలి.